చేతులు బాగానే ఉన్నాయి కదా!

టెట్‌కో డీఎస్సీకో తయారైన వారెవరికైనా ఈ బిట్టు తెలిసే ఉంటుంది: డిస్లెక్సియా దేనికి సంబంధించిన లోపం? చదవడం, రాయడం, లెక్కలు, మాట అని నాలుగు జవాబులు ఇస్తారు. సైకాలజీ గైడులో దీనికి అర పేజీ దక్కుతుంది. అక్షరాలు తడబడే పిల్లవాడు ఒకడు, వాడితో ఓపికగా ఉండవలసిన ఉపాధ్యాయురాలు ఒకరు. ఆ అర పేజీలో చిన్నప్పటి నుంచీ నాది పిల్లవాడి వైపే. ఉపాధ్యాయురాలి వైపు రావడానికి దరఖాస్తు పెట్టాకగానీ, అటు నుంచి ఇటు ఒక మనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదని నాకు తెలియలేదు.

మాది గాజువాక దగ్గర. నాన్న ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. లెక్కలు నాకు మొదటి నుంచీ సులువు. చదవడమే కష్టం. డిస్లెక్సియా అంటే అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు, సినిమాల పుణ్యమా అని. నాకు అక్షరాలు అందరికీ కనిపించినట్టే కనిపిస్తాయి. కనిపించిన అక్షరం చెవిలో శబ్దంగా పలకడానికే ఆలస్యం. అది పలికేలోపు వెనకటి అక్షరం జారిపోతుంది.

తెలుగు రాసినట్టే పలుకుతుంది కాబట్టి డిస్లెక్సియా ఉన్నా ఇబ్బంది ఉండదని ఒక లెక్చరర్ నాతో అన్నారు. ఇంగ్లిషుతో పోలిస్తే కొంత నిజమే. కానీ 'క్రి' అనే అక్షరం తీసుకోండి. కంటికి ముందు 'కి' కనబడుతుంది, పక్కన 'ర' ఒత్తు. పలికేటప్పుడు మాత్రం గుడి చివరికి వెళ్లాలి. 'స్త్రీ' అయితే మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి, గుడిదీర్ఘం ఏమో పైన 'స' నెత్తి మీద. మీరు ఆలోచించకుండా దాటిపోయే ఈ మెట్లన్నీ నేను ఒక్కొక్కటే దిగాలి. మ, య పక్కపక్కన పడినా, ప, ష, స చిన్న అచ్చులో ఉన్నా మరికొంత ఆలస్యం. లెక్కల ప్రశ్నలో వ్యాసం ఇచ్చారో వ్యాసార్థం ఇచ్చారో చూసుకోవడానికి నాకు పట్టే సమయంలో లెక్క రెండుసార్లు చేసేయగలను.

తొమ్మిదో తరగతిలో, 2014లో, మా లెక్కల మాస్టారి మాట మీద నాన్న నన్ను ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లారు. అక్కడి సైకాలజిస్టు పరీక్షలు పెట్టి నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టును అమ్మ రేషన్ కార్డు ఉన్న కవరులో భద్రంగా దాచింది. దానితో ఏ పనీ జరగలేదు, జరగదు కూడా. అప్పటి వికలాంగుల చట్టం 1995 నాటిది. అందులో ఉన్నవి ఏడే వైకల్యాలు, వాటిలో ఇది లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం అనే పేరుతో డిస్లెక్సియా, రాయడంలో ఇబ్బంది అయిన డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఇబ్బంది అయిన డిస్‌కాల్కులియా వంటివి అందులో చేరాయి. ఆ చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అప్పటికి నేను ఇంటర్ పరీక్షలు రాసేశాను.

డిగ్రీ మొదటి శ్రేణిలో పూర్తయ్యాక ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతూ బీఈడీ చేయాలనుకున్నాను. ప్రాథమిక బడి టీచర్ల శిక్షణ అయిన డీఎడ్ చేసే వయసులో భీమునిపట్నం డైట్‌కు వెళ్లమని మేనత్త ఎంతో చెప్పింది. నేనే వద్దన్నాను. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే పని నేను చేయకూడదు. ఈ మాట నాలాంటి వారిలో కొందరికి నచ్చదని తెలుసు. హైస్కూలులో త్రికోణమితి చెప్పడం వేరు. అది నేను బాగా చెబుతానని నా ట్యూషన్ పిల్లల మార్కులే చెబుతాయి.

అడ్డదారులు చూపించేవారు ముందు వచ్చారు. మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే పరీక్షకు కూర్చోవడమే పేరుకు, కాలేజీకి వెళ్లే పని కూడా ఉండదని తెలిసిన ఒకాయన నాన్నకు చెప్పారు. చదవడం రాని అమ్మాయికి ఇంతకంటే మంచి దారి లేదని ఆయన ఉద్దేశం. ఇంకో పెద్దమనిషి స్పెషల్ బీఈడీ చేయమన్నారు. అది పునరావాస మండలి పర్యవేక్షణలో నడిచే కోర్సు, మంచిదే. కానీ నాకు డిస్లెక్సియా ఉంది కాబట్టి డిస్లెక్సియా పిల్లల దగ్గరికే పోవాలనే లెక్క నాకు అర్థం కాలేదు. సుగర్ ఉన్న డాక్టర్లందరూ సుగర్ డాక్టర్లే అవుతున్నారా?

మొదట కావలసింది సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం. రిపోర్టుకూ సర్టిఫికెట్‌కూ తేడా ఉంది. మీకు ఫలానా ఇబ్బంది ఉందని రిపోర్టు చెబుతుంది. ఆ ఇబ్బంది ఇంత శాతమని ప్రభుత్వం ఒప్పుకుంటేనే అది సర్టిఫికెట్. కనీసం 40 శాతం ఉంటేనే చట్టం ఇచ్చే రిజర్వేషన్ వర్తిస్తుంది. వార్డు సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోవాలి. స్లాట్లు తెరిచిన రోజునే అయిపోతాయి కాబట్టి అక్కడి అమ్మాయి ఫోన్ నంబరు తీసుకుని, తెరిచినప్పుడు చెప్పమని బతిమాలుకోవడం కూడా ఈ ప్రక్రియలో భాగమే అనుకోండి.

ఏ ఆసుపత్రికి వెళ్లానో చెప్పను. వరుసలో నా ముందు కర్ర సాయంతో నిలబడిన ముసలాయన, వెనక చూపు లేని అబ్బాయి. నా వంతు వచ్చింది.

"మీకేమిటమ్మా?"

"డిస్లెక్సియా సార్."

"ఏం చదువుకున్నారు?"

"బీఎస్సీ మ్యాథ్స్. ఫస్ట్ క్లాస్."

ఆయన కలం కింద పెట్టేశారు. ఫస్ట్ క్లాసులో పాసైన మనిషికి చదువులో వైకల్యమా అని పక్క డాక్టరు వైపు చూసి నవ్వారు. ఆయనను తప్పు పట్టి లాభం లేదు. ఈ వైకల్యానికి మామూలుగా వాడే, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ పరీక్షల సంపుటి అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం తయారైంది. 2018 మార్గదర్శకాల్లో సర్టిఫికెట్‌ను ఎనిమిదేళ్లకు, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు ఇవ్వాలనీ, పద్దెనిమిదిలో ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందనీ ఉండేది. ఆ మెట్లన్నీ దాటిపోయాక తొలిసారి వచ్చే మనిషి సంగతి ఎదురుబల్ల మీద ఉన్నవారికి తోచదు. పద్దెనిమిదో ఏటి పరీక్ష ఆలస్యంగా చేస్తున్నారనుకోండి సార్ అని నేనే అన్నాను. ఆ పాత నాలుగు పేజీల రిపోర్టు అప్పుడు పనికొచ్చింది. ఇబ్బంది నిన్నమొన్న రిజర్వేషన్ కోసం పుట్టింది కాదని తేల్చేది అదొక్కటే. దాచినందుకు అమ్మకు దండం.

వాళ్లు నన్ను క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ బుద్ధిలబ్ధి (ఐక్యూ) పరీక్ష చేశారు, బొమ్మలు చూసి గీయమన్నారు, అర్థం లేని మాటలు చదివించారు. చివరికి ప్రాథమిక తరగతుల వాచకం పేరా ఇచ్చి పైకి చదవమన్నారు. ఇరవై దాటిన దాన్ని, ట్యూషన్ పిల్లలు టీచరని పిలిచే దాన్ని. ఆ పేరా గట్టిగా చదువుతుంటే గది బయట కూర్చున్న నాన్నకు వినిపిస్తుందని తెలుసు. ఆవిడ మాత్రం మధ్యలో ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. అంతసేపు ఎవరూ సరిదిద్దకుండా పైకి చదవడం నాకు అదే మొదటిసారి. కొన్ని వారాల తర్వాత 40 శాతమని సర్టిఫికెట్ వచ్చింది.

అది చాలనుకుంటే పొరపాటు. పరీక్షలో సహాయకులు కావాలంటే ఇంకో కాగితం ఉంది. అప్పుడు అమల్లో ఉన్న 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చూపు లేనివారికీ, రెండు చేతులూ పని చేయనివారికీ, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికీ అడగగానే సహాయకులను ఇవ్వాలి. తక్కిన వైకల్యాల వారు, రాయడానికి శారీరక పరిమితి ఉందని ప్రభుత్వ వైద్యాధికారి సంతకం చేసిన నమూనా పత్రం తీసుకురావాలి. శారీరక పరిమితి! ఆ పత్రం పట్టుకెళ్తే డాక్టరు నా రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. వేళ్లు ముడిచి తెరవమన్నారు.

"చేతులు బాగానే ఉన్నాయి కదా!"

"చేతులు బాగానే ఉన్నాయి సార్. నాకు రాసేవారు అక్కరలేదు. చదివి వినిపించేవారు కావాలి. ఆ మార్గదర్శకాల్లోనే రీడర్ అనే మాట కూడా ఉంది."

అచ్చు తీసుకెళ్లిన కాపీలో ఆ చోట పసుపు రంగు పూసి ఉంచాను. ఆయన చదివారు. రెండోసారి చదివారు. సంతకం చేసి, పక్కన చదవడంలో ఇబ్బంది అని తన చేత్తో చేర్చారు. నాలాగా వెళ్లేవారు, తాము వెళ్లేనాటికి అమల్లో ఉన్న మార్గదర్శకాల కాపీని వెంట పెట్టుకోవాలి. శాతం 40 లోపు వచ్చినవారికి అప్పట్లో 2022 ఆగస్టు నాటి మార్గదర్శకాలు ఉండేవి. రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం లేదని సహాయకుడిని నిరాకరించడం చెల్లదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చినవి అవి. వాదించడం కన్నా కాగితం చూపించడం నయం. ఎదుటి మనిషి తాను ఓడిపోయాననుకోకుండా ఒప్పుకుంటాడు.

బీఈడీలో చేరడానికి రాసే ఎడ్‌సెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష. రెండు గంటలు, 150 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఇంగ్లిషు 25, జనరల్ నాలెడ్జి 15, బోధనాభిరుచి 10, మన సబ్జెక్టుకు 100. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్న లెక్కన నాకు 40 నిమిషాలు రావాలి. కంప్యూటర్ పరీక్షలో ఈ సమయం హాల్లో ఉన్న మనిషి దయతలచి ఇచ్చేది కాదు. సర్వరులో ముందే పెట్టకపోతే టైము అయిపోగానే తెర మూసుకుపోతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టిన వెంటనే ఉత్తరం, దానికి సర్టిఫికెట్లు, ఆ తర్వాత హాల్ టికెట్ వచ్చేదాకా ఫోన్లు. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక నీట్ విద్యార్థినికి కేంద్రంలో అదనపు గంట ఇవ్వకపోతే ఆ పిల్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2021 నవంబరులో తీర్పు ఆమె హక్కును ఒప్పుకుంది, మళ్లీ పరీక్ష మాత్రం పెట్టమనలేదు. హక్కు ఉండి కూడా పరీక్ష పోవడం అంటే ఏమిటో అది చదివాక తెలిసింది.

చదువుకునే సంగతి చెప్పాలి. నా ఫోను తెలుగు చదివి వినిపిస్తుంది, గొంతు కాస్త యంత్రంలా ఉన్నా ఫరవాలేదు. కానీ మన తెలుగు మెటీరియల్‌లో చాలా భాగం యూనికోడ్‌లో ఉండదు. అచ్చు కోసం వాడే పాత ఫాంట్లలో ఉంటుంది. కంటికి తెలుగే, ఫోనుకు మాత్రం అర్థం లేని గుర్తులు. కొన్ని ఫోటోలు తీసి అతికించినవి. అవి ఫోను నోరే తెరవదు. తమ్ముడు రాత్రిపూట చదివి రికార్డు చేసి పెట్టేవాడు. క్రికెట్ ఉన్న రోజు వాడి చదువు వేగం చూడాలి, అశోకుడి శాసనాలన్నీ ఒకే ఊపిరిలో అయిపోయేవి.

పరీక్షకు చదివి వినిపించే మనిషిని నేనే తెచ్చుకున్నాను. అప్పటి నిబంధన ప్రకారం, సొంతంగా తెచ్చుకుంటే వారి చదువు మన చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చి ఇంటర్ చదువుతున్న అమ్మాయి ఒప్పుకుంది. చదివి వినిపించడం సులువనుకున్నాం ఇద్దరమూ. మొదటి రోజే తేలిపోయింది. వర్గమూలం గుర్తు ఎక్కడిదాకా వెళుతుందో చెప్పాలి. కుండలీకరణం ఎక్కడ మూస్తున్నారో చెప్పాలి. 'ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్' అనడానికీ 'ఎ ప్లస్ బి స్క్వేర్' అనడానికీ మధ్య ఒక మార్కు ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. జవాబు తనకు తెలిసినప్పుడు ఆ అమ్మాయి గొంతు సరైన ఆప్షన్ దగ్గర కొంచెం పైకి లేచేది. తనకే తెలియకుండా. నేను అది కనిపెట్టేశాను, ఇంగ్లిషు బిట్లలో మార్కులు చకచకా పెరిగాయి! అది నా మార్కు కాదు. అందుకని నాలుగు ఆప్షన్లూ ఒకే గొంతుతో, రైల్వే స్టేషనులో ప్రకటన చదివినట్టు చదవమన్నాను.

"అక్కా, ఇలా చదివితే నాకే నిద్ర వస్తోంది."

"రానీ. ఆప్షన్ డి అయ్యాక పడుకో."

పరీక్ష ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో. మాకు విడిగా చిన్న గది. తెర మీద 160 నిమిషాలని కనబడేసరికి సగం పరీక్ష రాసినంత తేలిక. ఇన్విజిలేటరు మాత్రం మా వెనకే కుర్చీ వేసుకున్నారు. "మీకు చూపు బాగానే ఉంది కదమ్మా, తెర మీదకే చూస్తున్నారు" అన్నారు. చూస్తూ వింటేనే నాకు పడుతుంది, వినడం ఒక్కటే చాలదు. అది ఆయనకు వివరించడానికి మూడు నిమిషాలు ఖర్చు పెట్టే ఓపిక లేక కాగితం చూపించాను. ఆ తర్వాత ఆయన కూడా ప్రశ్నలు వింటూ తల ఊపడం మొదలుపెట్టారు. అది ఇంకో తలనొప్పి.

ర్యాంకు బాగానే వచ్చింది. కౌన్సెలింగు కోసం నెలల తరబడి ఎదురుచూశాను. సర్టిఫికెట్లు చూసే చోట కూర్చున్నాయన జాబితాలో చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ ఉన్నాయి. నాది లేదు. ఎవరికో ఫోన్ చేసి, నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి, చివరికి కలంతో రాసుకున్నారు. ఇంతా చేస్తే చట్టంలోని 5 శాతం సీట్లు ప్రభుత్వ కాలేజీలకూ, ప్రభుత్వ సాయం పొందే వాటికీ మాత్రమే. అక్కడ నాకు రాలేదు. నా ర్యాంకుతో మామూలుగానే నగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనరు సీటు వచ్చింది. అంటే రిజర్వేషన్ నాకు పైసా పని చేయలేదు. చేసిందల్లా ఆ 40 నిమిషాలూ, ఆ అమ్మాయి గొంతూ. నన్నడిగితే నాలాంటి వారిలో ఎక్కువమందికి కావలసింది అవే. సీటు ఎవరూ ఇవ్వనక్కరలేదు, ప్రశ్న చదవనిస్తే చాలు.

చేరే రోజున ప్రిన్సిపల్ మేడమ్ నా కాగితాలన్నీ తిరగేశారు.

"అమ్మా, బోర్డు మీద తప్పులు రాస్తే పిల్లలు అవే నేర్చుకుంటారు కదా?"

"ఏ మాటలు రాయాలో ముందు రోజే సరిచూసి కాగితం మీద పెట్టుకుంటాను మేడమ్. ట్యూషన్‌లో నా తప్పు పట్టినవాడికి ఒక మార్కు ఇస్తాను."

"ట్యూషన్ వేరు, బడి వేరు. నలభై మంది ఉంటారు. హెడ్మాస్టరు ఉంటారు. తల్లిదండ్రులు వస్తారు."

ఆవిడ అన్నది అన్యాయం కాదు. నేనూ రాత్రిళ్లు నన్ను నేను అదే అడుగుతుంటాను. ఉపాధ్యాయులకు ఉండవలసిన ప్రమాణం నా కోసం తగ్గించమని నేను ఎక్కడా అనలేదు. బోర్డు మీద తప్పు ఉండకూడదు, అంతే. ఆ తప్పు లేకుండా ఎలా చూసుకోవాలన్నది నా పని. అయితే ఆవిడ బల్ల వెనక గోడ మీద ఆ సెమిస్టరు పేపర్ల పట్టిక అంటించి ఉంది. అందులో ఒకటి సమ్మిళిత విద్య. వైకల్యం ఉన్న పిల్లలను తరగతిలో అందరితో పాటు ఎలా కలుపుకోవాలో చెప్పే పేపరు. అది చూపించాలనిపించింది. చూపించలేదు. ఆవిడ సంతకం ఇంకా పడలేదు మరి.

సంతకం పడింది. ఇప్పుడు సూక్ష్మ బోధన, అంటే ఒక్కో నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేయడం, నడుస్తోంది. ప్రశ్నలు వేసే నైపుణ్యంలో, వివరించే నైపుణ్యంలో మా లెక్చరర్లు వంక పెట్టలేదు. నల్లబల్ల నైపుణ్యంలో అక్షరాల పరిమాణానికి మార్కులు పోయాయి, అక్షరదోషాలకు పోలేదు. నా బ్యాచిలో ఇద్దరు సెలవు రోజున పక్కకు పిలిచి, మాకూ ఇలాంటిదే ఏదో ఉందనిపిస్తుంది, ఎవరికీ చెప్పకు అన్నారు. వాళ్లు సదరానికి వెళ్లరు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, వైకల్యం అని రాసి ఉన్న కాగితం ఇంట్లో ఉండటం వాళ్ల అమ్మలకు ఇష్టం లేదు. వాళ్లను వెళ్లమని నేనూ గట్టిగా చెప్పలేకపోయాను.

తేలనిది రికార్డుల సంగతి. పాఠ్య పథకాలన్నీ చేత్తో రాయాలన్నది కాలేజీ పద్ధతి, ఎడమ పేజీలో బొమ్మలు, కుడి పేజీలో సోపానాలు. టైపు చేసి ఇస్తానని అర్జీ పెట్టాను, దానికి సర్టిఫికెట్ నకలు జత చేశాను. పై నుంచి జవాబు రావాలట. ఈలోగా గడువు ఆగదు కాబట్టి పదో తరగతి త్రికోణమితి పథకాన్ని టైపు చేసి ఒకటి, చేత్తో ఒకటి సిద్ధం చేస్తున్నాను. చేత్తో రాసినదాన్ని తమ్ముడు సరిచూస్తున్నాడు, పేజీకి పది రూపాయలు అడుగుతున్నాడు.